ఆర్‌సీఎం మొదలుపెట్టే ముందు మీ రిజిస్టర్‌లో 'ఓకే' అంటే ఏంటో కనుక్కోండి

తాడిపత్రి దగ్గర సిమెంట్ ప్లాంట్‌లో మెకానికల్ మెయింటెనెన్స్ చూస్తున్న తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. కొత్తగా వచ్చిన ప్లాంట్ హెడ్ ఏప్రిల్ నుంచి ప్లాంట్ మొత్తానికి ఆర్‌సీఎం, అంటే రిలయబిలిటీ సెంటర్డ్ మెయింటెనెన్స్, పెట్టాల్సిందే అన్నారట. ఏ మెషీన్ ఎలా చెడిపోతుంది, చెడితే ఏమవుతుంది అని చూసి, దాన్ని బట్టి మెయింటెనెన్స్ నిర్ణయించే పద్ధతి ఇది. చేతిలో ఉన్నది మూడు నెలలు. ఒక కన్సల్టెంట్ సాఫ్ట్‌వేర్‌తో కలిపి కొటేషన్ ఇచ్చాడు. పాత బ్రేక్‌డౌన్ డేటా తీసి చూస్తే సగం గడులు ఖాళీ. ఎక్కడ మొదలుపెట్టాలి, డేటా లేకుండా కుదురుతుందా, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని ప్రశ్న.

నేను ఎర్రగుంట్ల వైపు ప్లాంట్లలో ఇరవై ఏడేళ్లు మెయింటెనెన్స్‌లోనే ఉన్నా. ఆర్‌సీఎం రెండుసార్లు మొదలుపెట్టాం. మొదటిసారి ఆరు నెలల్లో అటకెక్కింది, రెండోసారి నిలబడింది. కాబట్టి చదివి చెప్తున్నది తక్కువ, దెబ్బ తిని చెప్తున్నది ఎక్కువ.

సాఫ్ట్‌వేర్ సంగతి ముందే తేల్చేద్దాం: ఇప్పుడు కొనొద్దు. మొదటి రెండు మూడు సిస్టమ్స్‌కి, అంటే కలిసి ఒక పని చేసే మెషీన్ల వరసలకి, ఎక్సెల్ షీటు చాలు. మేము మొదటిసారి చేసిన తప్పుల్లో ఇదొకటి, సాఫ్ట్‌వేర్ వచ్చాక అందరి దృష్టీ గడులు నింపడం మీదికి పోయింది. బేరింగ్ ఫెయిల్యూర్, కారణం లూబ్రికేషన్ లేకపోవడం, చర్య లూబ్రికేషన్ చేయడం, ఇలాంటివి నాలుగు వేల లైన్లు తయారయ్యాయి. చదివితే ఎక్కడా తప్పుండదు. వాటిని పట్టుకుని ఒక్క ఫిట్టరు కూడా ఒక్క నట్టు తిప్పలేదు.

ఇక ప్లాంట్ మొత్తానికి అనే మాట. అది మీ హెడ్ గారికి చెప్పాల్సిన పద్ధతిలో చెప్పి మాన్పించండి. ఒక సిస్టమ్ విశ్లేషణకి మాకు ఐదారుగురు మనుషులు, వారానికి రెండు సార్లు, కూర్చుంటే రెండు మూడు గంటలు, అలా ఎనిమిది నుంచి పది సిట్టింగులు పట్టింది. ఆ లెక్కన మీ ప్లాంట్‌లో ఎన్ని సిస్టమ్స్ ఉన్నాయో గుణించుకోండి, మీ ఏప్రిల్ ఏ ఏడాది ఏప్రిలో తెలుస్తుంది. ఆర్‌సీఎం ప్రతి మెషీన్‌కీ అక్కర్లేదు కూడా. ఆఫీసు ఏసీకీ, వర్క్‌షాప్‌లో డ్రిల్లింగ్ మెషీన్‌కీ ఈ తతంగం ఎందుకు, చెడిపోతే బాగు చేసుకుంటాం, అంతే.

ఇప్పుడు అసలు విషయం. అందరూ ప్రిపరేషన్ అంటే ఎక్విప్‌మెంట్ లిస్టు, క్రిటికాలిటీ ర్యాంకింగ్ (ఏ మెషీన్ ఎంత కీలకమో వరుస), ట్రైనింగు అంటారు. అవీ కావాలి, కాదనను. కానీ మా మొదటి ప్రయత్నం చచ్చిపోయింది అవి లేక కాదు. మా రిజిస్టర్లలో ఉన్నదానికీ షాప్‌ఫ్లోర్‌లో జరుగుతున్నదానికీ పొంతన లేక. ఒక సంగతి చెప్తా, కాస్త పొడుగైనా చదవండి.

కిల్న్, అంటే సిమెంట్ సరుకు కాల్చే తిరిగే పొడుగాటి కొలిమి, కరెంటు పోయి ఆగితే దాన్ని నిదానంగా తిప్పుతూ ఉండాలని మీకు తెలుసు. లోపల సరుకు 1450 డిగ్రీల దాకా కాలి ఉంటుంది. తిప్పకపోతే కింది వైపు వేడి సరుకు కూర్చుంటుంది, పైవైపు చల్లబడుతుంది, దాని ఇనుప గొట్టం, అంటే షెల్, వంగుతుంది. వాన పడితే ఇంకా ఘోరం. అందుకే మెయిన్ మోటార్ లేనప్పుడు తిప్పే సహాయక డ్రైవ్‌కి డీజిల్ ఇంజన్ పెడతారు. అది ఏడాదిలో 360 రోజులు ఏ పనీ చేయదు, చెడిపోయినా ఎవరికీ తెలియదు, దాని అవసరం పడిన రోజు తప్ప. ఆర్‌సీఎం భాషలో దీన్ని హిడెన్ ఫెయిల్యూర్ అంటారు.

మా ప్లాంట్‌లో దానికి వారం వారం టెస్ట్ ఉండేది. రిజిస్టర్ చక్కగా ఉండేది, ప్రతి సోమవారం 'ఇంజన్ స్టార్ట్ చేయబడినది, ఓకే', కింద సంతకం. మే నెలలో ఒక సాయంత్రం పెద్ద గాలివాన, ఏడు గంటలప్పుడు గ్రిడ్ కరెంటు పోయింది, మొత్తం చీకటి. ఇంజన్ దగ్గరికి పరిగెత్తి సెల్ఫ్ కొడితే టిక్కుమని ఊరుకుంది. మళ్లీ కొట్టినా టిక్కే. బ్యాటరీ చచ్చింది. ఆపరేటర్ టార్చి పట్టుకుని బయటికి పరిగెత్తాడు, నేను ఏదో టూల్ కోసం అనుకున్నా. అతను వెతుకుతున్నది లోడర్‌ని, రాళ్లు ఎత్తిపోసే బండిని.

తర్వాత తెలిసింది ఏంటంటే, ఆ బ్యాటరీ ఐదు నెలలుగా బలహీనం. కొత్తది కావాలని మూడుసార్లు ఇండెంట్ పెట్టారు, స్టోర్స్‌లో ఎక్కడో ఆగింది. అప్పటి నుంచి ప్రతి సోమవారం లోడర్‌ని ఇంజన్ పక్కకి తెచ్చి, దాని బ్యాటరీ నుంచి వైర్లు తగిలించి స్టార్ట్ చేసేవాళ్లు. ఇంజన్ స్టార్ట్ అయ్యేది. రిజిస్టర్‌లో 'ఓకే' అని రాసేవాళ్లు. అబద్ధం కూడా కాదు చూడండి, నిజంగానే స్టార్ట్ అయింది కదా! ఆ సాయంత్రం లోడర్ సున్నపురాయి యార్డు అవతల ఉంది. అది వచ్చి, వైర్లు తగిలించి, ఇంజన్ లేచి కిల్న్ కదిలేసరికి నలభై నిమిషాలు. షెల్ వంగింది, మళ్లీ తిప్పితే మెయిన్ డ్రైవ్ యాంపియర్లు ఊయల ఊగినట్టు ఊగాయి, బర్నింగ్ జోన్‌లో ఇటుకలు రాలాయి. పదకొండు రోజులు ప్లాంట్ ఆగింది.

ఎంక్వైరీలో ఆపరేటర్‌ని నిలదీశారు, 'బ్యాటరీ బాలేదని ఎందుకు రాయలేదు' అని. అతను చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తు: "రాసినాను సార్ ఒకసారి. ఆ వారం నన్నే తిట్టినారు, రిజిస్టర్ ఆడిట్‌కి పోతాది, ఎర్ర ఇంకు ఉండగూడదని."

తమ్ముడూ, మీ ప్రిపరేషన్ ఇక్కడి నుంచి మొదలవ్వాలి. ఆర్‌సీఎంలో తీసుకునే ప్రతి నిర్ణయం 'ఇది ఎలా చెడిపోతుంది, చెడిపోతే ఏమవుతుంది' అన్న ప్రశ్నకి వచ్చే జవాబు మీద నిలబడుతుంది. ఆ జవాబు తెలిసినవాడు ఫిట్టరు, ఆపరేటరు, గ్రీజు కొట్టే కాంట్రాక్ట్ కుర్రాడు. నిజం చెప్తే తిట్లు పడే చోట వాళ్లు చెప్పరు. మీ ప్లాంట్‌లో బ్రేక్‌డౌన్ జరగ్గానే మొదటి ప్రశ్న 'ఎవరు' అయితే, ముందు దాన్ని 'ఎలా'గా మార్చాలి. మూడు నెలల్లో ఆ ఒక్కటి సాధించినా చాలా పని చేసినట్టే.

ఎలా మార్చాలి అంటే ఉపన్యాసాలతో కాదు. మేము రెండోసారి చేసింది చాలా చిన్న పని. జాబ్ కార్డులో మూడు లైన్లు కలిపాం: వెళ్లేసరికి ఏం కనిపించింది, ఏం చేశావు, పాత పార్ట్ ఎలా ఉంది. తెలుగులో రాయమన్నాం. పాత పార్ట్‌ని స్క్రాప్‌లో వేయకుండా ట్యాగ్ కట్టి వర్క్‌షాప్‌లో ఒక రాక్ మీద పెట్టమన్నాం. ఫోన్ ఫోటో ఒకటి. మొదటి నెల 'బేరింగ్ పోయింది, మార్చాము' అనే రాశారు. ప్రతి రోజూ పొద్దున ఆ రాక్ దగ్గరే పది నిమిషాలు నిలబడి నేను ప్రశ్నలు అడిగేవాణ్ని, ఎవర్నీ ఒక్క మాట అనకుండా. రెండో నెలలో ఒక ఫిట్టరు ఒక బేరింగ్ చూపించి అన్నాడు, "గ్రీజు కొడతానే ఉండాం సార్, అది లోపలికి పోవడంల్యా, పైపు నడుమ పూడిపోయింది, పక్కనుంచే వస్తాంది." చూశారా, ఇదీ ఫెయిల్యూర్ మోడ్ అంటే. 'లూబ్రికేషన్ లేకపోవడం' అని రాసి ఉంటే ఏం చేసేవాళ్లం, ఇంకా ఎక్కువ గ్రీజు కొట్టమనేవాళ్లం. ఇప్పుడు చేయాల్సింది పైపు శుభ్రం చేయడం, గ్రీజు గ్రేడు చూడడం, మన ఎండకి ఆ పైపు వెళ్లే దారి మార్చడం.

డేటా సగం ఖాళీ అన్నారు. దాని గురించి అంత టెన్షన్ వద్దు. అసలు పెద్ద ప్రమాదాల మీద ఏ ప్లాంట్‌లోనూ డేటా సరిపడా ఉండదు, ఉంటే ఆ ప్రమాదం అన్నిసార్లు జరిగినట్టే కదా. డేటా లేని చోట అనుభవం ఉన్న నలుగురిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి మాట్లాడించడమే పద్ధతి. పాత షిఫ్ట్ లాగ్ బుక్కులు, స్టోర్స్‌లో స్పేర్లు తీసిన లెక్క, కాంట్రాక్టర్ బిల్లులు, ఈ మూడూ ముందేసుకోండి. స్టోర్స్ లెక్క అబద్ధం చెప్పదు. రిజిస్టర్‌లో ఒక్కసారి చెడిందని ఉండే పంపుకి ఏడాదిలో నాలుగు సీల్స్ తీసి ఉంటారు.

మొదటి సిస్టమ్ ఎంపిక. కిల్న్ ఎత్తుకోకండి, మొదటి ప్రయత్నంగా అది కష్టం. అలాగని ఎవరికీ పట్టని ప్యాకింగ్ సెక్షన్ కన్వేయర్ కూడా వద్దు, దాంట్లో గెలిచినా ఎవరూ చూడరు. మేము కిల్న్ ఫీడ్ దారి తీసుకున్నాం, సరుకు నిల్వ ఉండే సైలో అడుగు నుంచి బకెట్ ఎలివేటర్ మీదుగా, కిల్న్‌కి ముందు సరుకుని వేడి చేసే ప్రీహీటర్ దాకా. హద్దులు కాగితం మీద గీసుకున్నాం: సైలో గేటు లోపల, ఎలివేటర్ మోటార్ లోపల, దానికి కరెంటిచ్చే ప్యానెల్ బయట. ఈ హద్దు గీయకపోతే ప్రతి సిట్టింగూ మీది కాదు మాది అనే గొడవతోనే అయిపోతుంది.

ఆ ఎలివేటర్ దగ్గరే మాకు ఇంకో సంగతి వెలిగింది. ప్యాకింగ్ ప్లాంట్‌లో కూడా అదే కంపెనీది, దాదాపు అదే సైజు ఎలివేటర్ ఉండేది. రెండింటికీ మాన్యువల్‌లో ఉన్న ఒకే పీఎం (ప్రివెంటివ్ మెయింటెనెన్స్, అంటే చెడకముందే చేసే పనుల) షెడ్యూల్. కిల్న్‌కి పోయేది ఆగితే కొద్ది నిమిషాల్లో కిల్న్ ఫీడ్ కట్ అవుతుంది, స్టాండ్‌బై లేదు. ప్యాకింగ్‌లోది ఆగితే ఒక ప్యాకర్ ఆగుతుంది, లారీ వాళ్లు కాసేపు టీ తాగుతారు. మెషీన్ ఒకటే అయినా పని ఒకటి కాదు, కాబట్టి మెయింటెనెన్స్ కూడా ఒకటి కాకూడదు. మెషీన్ ఏంటి అని కాకుండా ఇక్కడ, ఈ చోట, దానితో మనకేం పని అని అడగడమే ఆర్‌సీఎం మొదటి ప్రశ్న. దాన్ని అంకెలతో రాయాలి. 'మెటీరియల్ పైకి తీసుకెళ్లాలి' అంటే చాలదు, గంటకి ఎన్ని టన్నులు, ఎంత ఎత్తుకి, ఎంత దుమ్ము బయటికి రాకుండా అని ఉండాలి. 200 టన్నులు ఎక్కించాల్సింది 170 ఎక్కిస్తుంటే అది తిరుగుతున్నా సరే ఫెయిల్ అయినట్టే. దీని మీద ప్రొడక్షన్ వాళ్లకీ మనకీ ముందే ఒప్పందం కుదరాలి, లేకపోతే ప్రతిసారీ గొడవే.

కన్సల్టెంట్‌ని ఎలా పరీక్షించాలో చెప్తా. ఆర్‌సీఎం అనే పేరు పెట్టుకోవడానికి ఏం ఉండాలో ఎస్‌ఏఈ అనే ఇంజనీర్ల సంఘం పెట్టిన జేఏ1011 అనే ప్రమాణం 1999లో వచ్చింది. దాంట్లో ఏడు ప్రశ్నలు వరుసగా ఉంటాయి: దీని పనేంటి, ఆ పని ఎలా ఎలా చేయలేకపోతుంది, దానికి కారణాలేంటి, అప్పుడు ఏం జరుగుతుంది, జరిగితే మనకేం నష్టం, ముందుగా ఏం చేయగలం, ముందుగా ఏమీ చేయలేకపోతే ఇంకేం చేయాలి. కొటేషన్ ఇచ్చినాయన్ని ఈ ఏడింటినీ మీ ప్లాంట్‌లో ఒక్క ఫ్యాన్ మీద చేసి చూపించమనండి. చాలామంది ఐదో ప్రశ్న ఎగరగొట్టి నేరుగా టాస్కుల్లోకి దూకుతారు. ఇంకొకటి, 'వేరే ప్లాంట్‌లో చేసిన టెంప్లేట్ ఉంది, దాన్నే మార్చి ఇస్తాం' అన్నాడంటే టీ ఇచ్చి పంపించేయండి.

మీ హెడ్ గారికి ఆర్‌సీఎం అంటే ఇంకా ఎక్కువ మెయింటెనెన్స్ అనే అపోహ ఉంటే దీని పుట్టుక చెప్పండి. ఇది విమానాల దగ్గర పుట్టింది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కి చెందిన నౌలన్, హీప్ అనే ఇద్దరు 1978లో అమెరికా రక్షణ శాఖకి నివేదిక రాశారు. డీసీ-8 విమానంలో నిర్ణీత గడువుకి ఓవర్‌హాల్ చేయాల్సినవి 339 ఉంటే, ఈ పద్ధతి వచ్చాక డీసీ-10లో ఏడే మిగిలాయి. విమానాలేం కూలిపోలేదు. అనవసరంగా విప్పడం తగ్గింది, అంతే. వాళ్లు చూసిన భాగాల్లో వయసుతో పాటు చెడిపోయేవి 11 శాతమే. 68 శాతం కొత్తగా బిగించిన తొలి రోజుల్లోనే ఎక్కువగా చెడే రకం. యాన్యువల్ షట్‌డౌన్ అయిన మొదటి వారం మన ప్లాంట్లలో ఎందుకు అన్ని ట్రిప్పులు, అంటే మెషీన్లు ఉన్నట్టుండి ఆగిపోవడాలు, వస్తాయో దీంతో అర్థమవుతుంది. మేము ఏటా ఒక గేర్‌బాక్స్‌ని 'ఒకసారి చూద్దాం' అని విప్పేవాళ్లం, ఆ సిమెంట్ దుమ్ములో. విప్పడం మానేసి ఆయిల్ శాంపిల్, వైబ్రేషన్ చూడడం మొదలుపెట్టాక దాని జోలికి పోవాల్సిన పనే రాలేదు.

కానీ ఒక జాగ్రత్త. ఆ శాతాలు విమానాలవి, వాటిని తెచ్చి సిమెంట్ ప్లాంట్‌కి అతికించొద్దు. మనది రాళ్లతో పని. క్రషర్ హ్యామర్లు, మిల్లు లైనర్లు, చూట్ ప్లేట్లు, కిల్న్ ఇటుకలు అరుగుతాయి, వాటికి వయసు ఉంటుంది, టైం ప్రకారమో మందం కొలిచో మార్చాల్సిందే. సెమినార్‌కి వెళ్లొచ్చిన ఉత్సాహంలో 'టైం ప్రకారం మార్చడం పాత పద్ధతి' అని అన్నీ తీసేసిన మహానుభావుల్ని చూశా. అలాగే క్రేన్లు, హాయిస్టులు, ఎయిర్ రిసీవర్లకి చట్ట ప్రకారం జరగాల్సిన పరీక్షలు మీ విశ్లేషణ ఏం చెప్పినా జరగాల్సిందే.

టీమ్ మొదటి రోజు నుంచే చేయగలగాల్సిన లెక్కలు రెండు ఉన్నాయి. ఒకటి, లోపం మొదట కనబడ్డ రోజు నుంచి పూర్తిగా చెడే రోజు దాకా ఎంత వ్యవధి ఉంటుంది అనేది. ఒక బేరింగ్ వైబ్రేషన్ పెరగడం మొదలైన ఆరు వారాలకి పోతుందనుకుందాం, మీరు రెండు నెలలకోసారి రీడింగ్ తీస్తే అది మధ్యలోనే పోతుంది. ఆ ఆరు వారాల్లో సగం, అంటే మూడు వారాలకి మించకుండా రీడింగ్ చూడాలి. అది చూశాక మిగిలే సమయం బేరింగ్ తెప్పించడానికి సరిపోతుందా అనేది స్టోర్స్‌ని అడగాలి. చెన్నై నుంచి రావడానికి నాలుగు వారాలు పట్టేదైతే రీడింగ్ ఇంకా త్వరగా తీయాలి, లేదా స్పేర్ దగ్గర పెట్టుకోవాలి.

రెండోది ఆ డీజిల్ ఇంజన్ లాంటివాటికి. ఎన్ని రోజులకోసారి పరీక్షించాలి అంటే ఒక మామూలు సూత్రం ఉంది: ఎంత శాతం సమయం అది పనిచేయకుండా ఉన్నా సహించగలం, దాన్ని సగటున ఎన్నాళ్లకోసారి చెడుతుందో దానితో గుణించి, రెండింతలు చేయాలి. ఇంజన్ సగటున రెండేళ్లకోసారి, అంటే 104 వారాలకోసారి మొరాయిస్తుందనుకుంటే, రెండు శాతం దాకా సహిస్తామంటే నాలుగు వారాలకోసారి పరీక్ష. ఒక్క శాతమే అంటే రెండు వారాలు. లెక్క సులువే. దాని కంటే ముఖ్యం ఆ పరీక్ష ఎలా జరగాలి అన్నది: దాని సొంత బ్యాటరీతో, దాని ట్యాంకులో డీజిల్‌తో స్టార్ట్ అవ్వాలి, కిల్న్ ఆగిన ప్రతి అవకాశంలో క్లచ్ వేసి నిజంగా కిల్న్‌ని తిప్పి చూడాలి. టాస్క్ షీటులో 'ఇంజన్ చెక్ చేయుము' అని ఒక్క లైను రాస్తే మళ్లీ లోడర్ వస్తుంది.

టీమ్‌లో మెకానికల్, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్, కంట్రోల్ రూమ్ ఆపరేటర్, ఒక సీనియర్ ఫిట్టరు తప్పనిసరి. నడిపించేవాడు పద్ధతి తెలిసినవాడై ఉండాలి, వాళ్ల బాస్ మాత్రం కాకూడదు. మీరే డిపార్ట్‌మెంట్ హెడ్ అయితే మీరు నడిపించకండి, పక్క డిపార్ట్‌మెంట్ కుర్రాడికి శిక్షణ ఇప్పించండి. మాట్లాడేది తెలుగులోనే. ఇంగ్లీషులో పెడితే ఫిట్టరు రెండో సిట్టింగుకి నోరు కట్టేసుకుంటాడు, మూడో సిట్టింగుకి డ్యూటీ ఉందంటాడు. కాంట్రాక్ట్ మనిషిని పిలిస్తే ఆ గంటలకి అతనికి కూలీ కట్టివ్వాలి, ఇది చిన్న విషయం అనుకోవద్దు, మా దగ్గర మొదటిసారి చెడిన చోట్లలో ఇదీ ఒకటి.

హెడ్ గారి దగ్గర మాత్రం రాతపూర్వకంగా మూడు తీసుకోండి. ఈ ఐదారుగురి సమయం వారానికి ఇన్ని గంటలు ఖాయం అని, బ్రేక్‌డౌన్ వచ్చినా సరే. ఆ గదిలో చెప్పిన మాట మీద ఎవరికీ మెమో ఉండదని. విశ్లేషణలో తేలిన టాస్కులు నెల రోజుల్లో పీఎం షెడ్యూల్‌లోకి ఎక్కుతాయని, అక్కర్లేదని తేలినవి అదే రోజు షెడ్యూల్ నుంచి తీసేస్తామని. మూడోది ఇవ్వడానికి ఎక్కువ వెనకాడతారు, ముఖ్యంగా తీసేయడం దగ్గర, ఎందుకంటే తీసేశాక ఏదైనా జరిగితే సంతకం ఎవరిది అని. ఆ సంతకం ఆయనదే కావాలి. ఇవ్వనంటే ఏప్రిల్ కాదు కదా, ఆ పై ఏప్రిల్‌కి కూడా మొదలుపెట్టకండి. జాబ్ కార్డు, రాక్, పొద్దుటి పది నిమిషాలు మాత్రం ఎవరి అనుమతీ లేకుండా మొదలుపెట్టొచ్చు.

ఇంకో మాట. రేపు డ్యూటీకి వెళ్లగానే మీ కిల్న్ డీజిల్ ఇంజన్ దగ్గరికి ఒక్కరే వెళ్లండి, బ్యాటరీ మీద ఉన్న తేదీ చూడండి, టెర్మినల్స్ దగ్గర క్లిప్పులు పట్టిన గీతలేమైనా ఉన్నాయేమో చూడండి. సోమవారం టెస్ట్ టైంలో మీ లోడర్ ఎక్కడుంటుందో కూడా కనుక్కోండి.